యాంటీబయాటిక్ పొటెన్సీ పరీక్షకి ఏ స్ట్రెయిన్ తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

"సార్, ఆరియస్ ఏదైనా ఒకటే కదా?" ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తుంది. యాంటీబయాటిక్ బలం (పొటెన్సీ) కొలిచే పరీక్షకి వాడే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా గురించి ఆ ప్రశ్న. స్ట్రెయిన్ అంటే ఒకే జాతిలో నంబరు పెట్టి దాచిన ఒక ప్రత్యేక వంశం. ఎక్కువగా ఎమ్మెస్సీ మైక్రో పూర్తిచేసి జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడలోనో మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షించే విభాగం) కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు, అప్పుడప్పుడూ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను. మొదట్నుంచీ చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. ఏ జవాబు ఆ జవాబుకే సరిపోవాలి కాబట్టి ఒకటి రెండు మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, ఏమనుకోకండి.

## అసలు మొదలుపెట్టే ముందు

హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే మెషీన్) ఉండగా ఇంకా ఈ బ్యాక్టీరియా గోల ఎందుకు?

ఒకే అణువు ఉన్న మందులకి ఈ గోల చాలావరకు తగ్గిపోయింది. అమాక్సిసిలిన్ లాంటివాటిని హెచ్‌పీఎల్‌సీలోనే తేల్చేస్తున్నాం. కానీ జెంటామైసిన్ ఒక్క పదార్థం కాదు, సీ1, సీ1ఏ, సీ2 అంటూ కొన్ని దగ్గరి చుట్టాల మిశ్రమం. నియోమైసిన్, బాసిట్రాసిన్, పాలీమిక్సిన్ బీ, నిస్టాటిన్‌లూ అంతే. మెషీన్ ఏ ముక్క ఎంత ఉందో విడివిడిగా చెబుతుంది, అన్నీ కలిసి సూక్ష్మజీవిని ఎంత అణచగలవో చెప్పదు. ఆ మాట చెప్పేది సూక్ష్మజీవే.

పొటెన్సీ పరీక్షలో స్ట్రెయిన్ చేసే పని ఏంటి?

త్రాసు పని. ప్లేటులో అడుగున 21 మి.లీ. అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ), దానిపైన బ్యాక్టీరియా కలిపిన 4 మి.లీ. పొర, ఆ పొర మీద స్టీలు సిలిండర్లు నిలబెడతాం (బయటి వ్యాసం 8 మి.మీ., లోపల 6, ఎత్తు 10). కొన్నింట్లో స్టాండర్డ్ (బలం ముందే తెలిసిన మందు), కొన్నింట్లో మన శాంపిల్ పోస్తాం. రాత్రంతా మందు అగార్‌లోకి పాకుతుంది, బ్యాక్టీరియా పెరగడానికి చూస్తుంది, పొద్దున్నకి ఎవరు ఎక్కడిదాకా వచ్చారో గుండ్రటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత లోపల బ్యాక్టీరియా పెరగని చోటే జోన్. ఆ జోన్ల వ్యాసాలు కొలిచి స్టాండర్డ్‌తో పోల్చి శాంపిల్ బలం లెక్కగడతాం. 1940 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ కొలవడానికి నార్మన్ హీట్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. స్టాండర్డ్, శాంపిల్ రెండూ అదే త్రాసు మీద తూగుతున్నాయి కదా, త్రాసు ఎలా ఉంటే ఏంటి అనిపిస్తుంది. కానీ త్రాసు ముల్లు మందకొడిగా కదిలితే చిన్న తేడాలు దానికి పట్టవు, చిక్కంతా అక్కడే.

సెన్సిటివిటీ టెస్టుకి వాడే 25923 మా దగ్గర ఉంది, అదే వాడితే కాదా?

వద్దు. ఏటీసీసీ (అమెరికాలోని సూక్ష్మజీవుల సేకరణ) నంబర్లు 25923 (స్టెఫైలోకాకస్ ఆరియస్), 25922 (ఈ కోలై), 27853 (సూడోమోనాస్) డిస్క్ టెస్టు (అదే సెన్సిటివిటీ టెస్టు) సరిగ్గా జరిగిందో లేదో చూసుకునే కంట్రోల్ స్ట్రెయిన్లు. ఆస్పత్రి ల్యాబుల్లో వాటి పని వేరు: జోన్ ఒక పరిధిలో పడితే చాలు. పొటెన్సీ పరీక్షలో మనకి పరిధి చాలదు, అంకె కావాలి. ఆరియస్‌లోనే 29213 అని ఇంకొకటి ఉంది, అది కొద్దిగా పెన్సిలినేజ్ (పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్) కూడా తయారుచేస్తుంది. దాంతో పెన్సిలిన్ కొలవబోతే, కొలిచే వస్తువుని త్రాసే తినేస్తున్నట్టు ఉంటుంది.

## స్ట్రెయిన్ ఎంచుకునేటప్పుడు

మోనోగ్రాఫ్‌లో (ఫార్మకోపియా అనే మందుల ప్రమాణాల పుస్తకంలో ఒక్కో మందుకి ఉండే భాగం) జీవి పేరు ఉంది, నంబరు కూడా అంత ముఖ్యమా?

పేరు కంటే నంబరే ముఖ్యం. నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కల్చర్ల (పెంచిన సూక్ష్మజీవుల) ఇండెంట్, అంటే తెప్పించమనే చీటీ, నేనే రాశాను. రాయాల్సింది 6538పి, నేను రాసింది 6538. ఆ చివరి "పి" ఎగిరిపోయింది. స్టోర్స్‌వాళ్లు రాసింది రాసినట్టే తెప్పించారు, నేనూ విప్పి వాడేశాను. జోన్లు చక్కగానే వచ్చాయి, గుండ్రంగా, శుభ్రంగా. అదే అసలు ప్రమాదం, జోన్లు రాకపోయి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. దాదాపు రెండు నెలల తర్వాత ఆడిట్‌కి వచ్చినాయన ఆంపూల్ (కల్చర్ వచ్చే మూసిన గాజు గొట్టం) లేబుల్ పక్కన మోనోగ్రాఫ్ పెట్టి ఏమీ అనకుండా పెన్నుతో ఆ "పి" మీద తట్టాడు. ఆ రెండు నెలల రిపోర్టులన్నీ మళ్లీ తెరిచాం.

6538 అనేది స్టెరిలిటీ, గ్రోత్ ప్రమోషన్ టెస్టుల్లో కనిపించే స్ట్రెయిన్. 6538పి పొటెన్సీ పరీక్షలది, 209పి అని పాత పేరు. యూరప్ లెక్కలో దాన్నే ఎన్‌సీటీసీ 7447 (ఎన్‌సీటీసీ బ్రిటన్‌లోని సేకరణ) అంటారు. 29737 కూడా ఆ 209పి వంశమే. ఇంటిపేరు ఒకటే అయినా మనుషులు వేరు.

ఏ యాంటీబయాటిక్‌కి ఏ స్ట్రెయిన్?

ఫార్మకోపియా టేబుల్ చూడకుండా నా మాట మీద ఇండెంట్ పెట్టకండి, కానీ రోజూ తగిలేవి చెబుతాను. అన్నీ ఏటీసీసీ నంబర్లే. జెంటామైసిన్‌కి ప్లేటు పద్ధతిలో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ 12228. టెట్రాసైక్లిన్, అమికాసిన్, టోబ్రామైసిన్‌లకి ద్రవంలో మసక కొలిచే టర్బిడిమెట్రిక్ పద్ధతి, అందులో ఆరియస్ 29737. ఎరిత్రోమైసిన్‌కి కొకూరియా రైజోఫిలా 9341, బాసిట్రాసిన్‌కి మైక్రోకాకస్ లూటియస్ 10240. వాంకోమైసిన్‌కి బాసిల్లస్ సబ్‌టిలిస్ 6633. పాలీమిక్సిన్ బీ, కొలిస్టిన్‌లకి బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా 4617.

రెండు మాత్రం బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. యాంఫోటెరిసిన్ బీకి సాక్రోమైసిస్ సెరివిసియే 9763, నిస్టాటిన్‌కి అదే సాక్రోమైసిస్ 2601. పేరు ఒకటే, ట్యూబుల్లో చూడ్డానికీ ఒకేలా ఉంటాయి, అందుకే ఫ్రిజ్‌లో తారుమారయ్యేది ఎక్కువగా ఈ జంటే. మేము రెండింటికీ వేర్వేరు రంగు టేపులు అంటించేవాళ్లం.

ఐపీలో ఒకటి, యూఎస్‌పీలో ఒకటి, ఈపీలో ఇంకోటి ఉంటే దేన్ని పట్టుకోవాలి?

మందు ఎక్కడికి వెళ్తుందో అక్కడి పుస్తకాన్ని (ఐపీ మన దేశపు ఫార్మకోపియా, యూఎస్‌పీ అమెరికాది, ఈపీ యూరప్‌ది). దేశంలో అమ్మేది ఐపీ లేబుల్‌తో ఉంటే ఐపీ, అమెరికా బ్యాచ్ అయితే యూఎస్‌పీ. జెంటామైసిన్‌నే తీసుకోండి, యూఎస్‌పీలో ఎపిడెర్మిడిస్ ఉంటే యూరోపియన్‌లో బాసిల్లస్ ప్యూమిలస్ ఎన్‌సీటీసీ 8241 కూడా కనిపిస్తుంది. స్ట్రెయిన్ ఒక పుస్తకంలోంచి, మీడియం (సూక్ష్మజీవికి పెట్టే తిండి) పీహెచ్ ఇంకో పుస్తకంలోంచి తీసుకుని కలిపి వండకండి. స్ట్రెయిన్, మీడియం, బఫర్, ఇంక్యుబేషన్ వేడి అన్నీ కలిపి ఒక సెట్టు.

మంచి టెస్ట్ స్ట్రెయిన్ అంటే బాగా సెన్సిటివ్‌గా ఉండేదేనా?

సెన్సిటివ్‌గా ఉండాలి, కానీ అది చాలదు. మందు మోతాదు కొంచెం మారితే జోన్ కూడా కొలవగలిగినంత మారాలి, అంటే స్లోప్ బాగుండాలి. లెక్క చూడండి. గాఢత పది రెట్లైతే జోన్ 8 మి.మీ. పెరిగే స్ట్రెయిన్ ఒకటి, 4 మి.మీ. మాత్రమే పెరిగేది ఇంకొకటి ఉన్నాయనుకుందాం. కాలిపర్ పట్టుకున్నప్పుడు మీ చెయ్యి 0.1 మి.మీ. అటూ ఇటూ అయితే మొదటిదాంట్లో పొటెన్సీ దాదాపు 3 శాతం తప్పుతుంది, రెండోదాంట్లో దాదాపు 6 శాతం. అదే చెయ్యి, అదే కాలిపర్. స్టాండర్డ్ కర్వ్‌లో పక్కపక్క గాఢతల మధ్య తేడా 1.25 రెట్లే ఉంటుంది. 8 మి.మీ. స్లోప్ ఉన్నా ఆ మెట్టుకి జోన్ పెరిగేది 0.8 మి.మీ. కూడా కాదు, 4 ఉంటే 0.4 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మీరు మందుని కొలుస్తున్నారో, మీ కళ్లని కొలుస్తున్నారో చెప్పడం కష్టం.

స్లోప్ తర్వాత చూడాల్సింది అంచు. బ్లేడుతో కోసినట్టు ఉండాలి. ఆపైన స్ట్రెయిన్ ఏళ్లతరబడి అదే స్వభావంతో ఉండాలి, రాత్రికి రాత్రి సమంగా పరుచుకోవాలి, ప్లేటంతా పాకిపోయే రకం కాకూడదు, వీలైతే మనకి జబ్బు చెయ్యనిదై ఉండాలి. ఇవన్నీ ఒక్కదాంట్లో దొరకవు. ఫార్మకోపియా టేబుల్ అనేది దశాబ్దాల పాటు ఎంతోమంది చేసుకున్న రాజీల జాబితా.

9341 ఆర్డర్ పెడితే కొకూరియా అని వచ్చింది, తప్పు కల్చర్ పంపారా?

లేదు, అదే. ఒకప్పుడు సార్సినా లూటియా, తర్వాత మైక్రోకాకస్ లూటియస్, 2003 నుంచి కొకూరియా రైజోఫిలా. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టే, ఆధార్ నంబరు మారలేదు. 6633 కూడా ఇప్పుడు కొన్ని కేటలాగుల్లో బాసిల్లస్ స్పిజిజెనియై అని ఉంటుంది. మీ ఎస్‌ఓపీలో (పని విధానం రాసిన కాగితం) పాత పేరు ఉండి సర్టిఫికెట్ మీద కొత్త పేరు ఉంటే, రెండూ ఒకటేనని ఒక చిన్న నోట్ రాసి ఫైల్లో పెట్టేయండి. ఆ నోట్ లేక గంటల తరబడి వాదనలు జరగడం నేను చూశాను.

రెండు మూడు యాంటీబయాటిక్‌లు కలిపిన ఆయింట్‌మెంట్ ఉంది, ఏం చెయ్యాలి?

నియోమైసిన్, పాలీమిక్సిన్, బాసిట్రాసిన్ మూడూ ఉన్న ఆయింట్‌మెంట్ అనుకుందాం. ఒక్కోదాన్ని విడిగా కొలవాలంటే ఆ ఒక్కదానికే లొంగి మిగతావాటిని పట్టించుకోని జీవి కావాలి. పాలీమిక్సిన్‌కి బోర్డెటెల్లా నప్పడానికి ఒక కారణం ఇదే. అది గ్రామ్ నెగెటివ్, బాసిట్రాసిన్ దాన్ని పెద్దగా ఏమీ చెయ్యదు. నియోమైసిన్ అడ్డొస్తుందనిపిస్తే శాంపిల్‌లో ఉన్నంత నియోమైసిన్ స్టాండర్డ్‌లో కూడా కలుపుతారు, అప్పుడు రెండువైపులా ఒకటే అడ్డు. పెన్సిలిన్ అడ్డొచ్చే చోట పెన్సిలినేజ్ వేసి దాన్ని చంపేస్తారు. డైల్యూషన్ కూడా సాయం చేస్తుంది, ఒకటి కొలిచే స్థాయికి పలచబడేసరికి ఇంకొకటి పనిచెయ్యలేనంత పలచబడిపోతుంది. ఏది చేసినా, అడ్డు వచ్చే మందుని ఒక్కదాన్నే సిలిండర్‌లో పోసి జోన్ రావడం లేదని ముందు చూసుకోండి.

క్లెబ్సియెల్లా అంటే భయంగా ఉంది, తప్పించుకునే దారి ఉందా?

భయం కంటే జాగ్రత్త మంచిది. క్లెబ్సియెల్లా న్యుమోనియే 10031 రిస్క్ గ్రూప్ 2 (మనుషులకి జబ్బు చెయ్యగలిగేవి) లోది, ఆరియస్, బోర్డెటెల్లా కూడా అందులోవే. స్ట్రెప్టోమైసిన్‌కి అయితే టర్బిడిమెట్రిక్ పద్ధతిలో క్లెబ్సియెల్లా, ప్లేటు పద్ధతిలో సబ్‌టిలిస్ 6633 వాడతారు, మీ మోనోగ్రాఫ్ ఒప్పుకుంటే ప్లేటు వైపు వెళ్లొచ్చు. సబ్‌టిలిస్ సాధువు.

## తెప్పించుకునేటప్పుడు

ఎంటీసీసీ నుంచి తెప్పించుకోవచ్చా, లేక ఏటీసీసీదే కావాలా?

చండీగఢ్‌లోని ఇమ్‌టెక్‌లో ఉన్న ఎంటీసీసీ, పుణె ఎన్‌సీఎల్‌లో ఉన్న ఎన్‌సీఐఎం, రెండూ పేరున్న ప్రభుత్వ సేకరణలు. విద్యార్థి ప్రాజెక్టుకి నిక్షేపంగా వాడుకోవచ్చు, ఖర్చు కూడా బాగా తక్కువ. ఫార్మా క్యూసీలో ఒక్క మెలిక ఉంది: మోనోగ్రాఫ్‌లో ఉన్న నంబరుకీ వాళ్ల నంబరుకీ సమానత్వం కేటలాగులో రాసి ఉండాలి, ఆ పేజీ ప్రింటు మీ ఫైల్లో ఉండాలి. గూగుల్‌లో ఎవరో పేపర్‌లో బ్రాకెట్‌లో రాశారని నమ్మకండి, అలాంటి బ్రాకెట్లలో తప్పులు బోలెడు.

పక్క కంపెనీలో ఫ్రెండ్ దగ్గర స్లాంట్ (ట్యూబులో వాలుగా పోసిన అగార్ మీద పెంచిన కల్చర్) ఉంది, తెచ్చుకోవచ్చా?

ఫ్రెండ్ దగ్గర టిఫిన్ బాక్సు తెచ్చుకోండి, స్లాంట్ వద్దు. అది ఎన్నో పాసేజో, అంటే ఎన్నిసార్లు మార్చి పెంచిందో, అతనికే తెలియకపోవచ్చు.

ఆంపూల్ మొదటిసారి విప్పుతున్నాను, టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలి?

లోపల శూన్యం ఉంటుంది, అందుకే గబుక్కున విరిస్తే గాలి లోపలికి దూసుకెళ్లి పొడి ఎగిరిపోతుంది. క్యాబినెట్‌లో పెట్టుకుని ఆల్కహాల్‌తో తుడిచి, లోపలి దూది ఎక్కడుందో చూసి, ఆ దూది మధ్యభాగం ఎదురుగా ఆకురాయితో గీత పెట్టండి. చుట్టూ మందపాటి స్టెరైల్ దూదో గుడ్డో చుట్టి అప్పుడు విరవండి. దూది తీసి 0.3, 0.4 మి.లీ. బ్రాత్ (ద్రవంగా ఉండే మీడియం) వేసి, నురగ రాకుండా మెల్లగా కలిపి, కొన్ని నిమిషాలు అలా వదిలేయండి. తర్వాత బ్రాత్‌లోకి, ప్లేటు మీదికి రెండింటికీ వెయ్యండి. ప్లేటు ఎందుకంటే మొదటి రోజే కాలనీల ముఖం చూడాలి. లూటియస్ అయితే పసుప్పచ్చగా ఉండాలి, సబ్‌టిలిస్ పొడిగా గరుగ్గా ఉండాలి. బోర్డెటెల్లా 24 గంటలకి సూదిమొనల్లా ఉంటే కంగారుపడి పారేయకండి, ఇంకో రోజు ఇవ్వండి.

## ల్యాబ్‌లో పెంచి దాచేటప్పుడు

ఐదు పాసేజీలు దాటకూడదంటారు, ఎలా లెక్కపెట్టాలి?

కొత్త మీడియం మీదికి మార్చి అది పెరిగిన ప్రతిసారీ ఒకటి. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించడం పాసేజీ కాదు, కరిగించింది పెంచితే పాసేజీ. అందరూ జారిపడేది వారం వారం స్లాంట్ దగ్గర. పోయిన వారం స్లాంట్ నుంచి ఈ వారం స్లాంట్, దాన్నుంచి వచ్చే వారంది అని పోతే నెలన్నరకే లెక్క దాటిపోతుంది. ప్రతి వారం స్లాంట్ ఫ్రీజర్‌లోని వర్కింగ్ స్టాక్ నుంచే రావాలి. పక్కకి విస్తరించండి, కిందికి దిగకండి. ఆంపూల్ విప్పిన రోజే గ్లిసరాల్ వయల్సో బీడ్సో ఓ యాభై చేసుకుని మైనస్ 70లో పెట్టుకుంటే ఏడాది హాయి.

సబ్‌టిలిస్ సస్పెన్షన్ నెలలు ఉంటుంది, ఆరియస్ ఎందుకు ఉండదు?

సబ్‌టిలిస్‌ది స్పోర్ల (గింజల్లా గట్టిగా, నిద్రలో ఉండే రూపం) సస్పెన్షన్. మాంగనీస్ సల్ఫేట్ కలిపిన అగార్ మీద కొన్ని రోజులు పెంచి, కడిగి తీసి, 65–70 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తాం (మీ పుస్తకంలో ఏ అంకె ఉంటే అది). బతికున్న కణాలు పోయి స్పోర్లు మిగులుతాయి, అవి ఫ్రిజ్‌లో కుంభకర్ణుల్లా పడుకుంటాయి. ఆరియస్‌కి స్పోర్లు లేవు, రోజురోజుకీ కణాలు చస్తూనే ఉంటాయి కాబట్టి సోమవారం 25 శాతం ట్రాన్స్‌మిటెన్స్‌కి (మసక ద్రవంలోంచి దాటే వెలుతురు) సరిచేసిన సస్పెన్షన్ శుక్రవారానికి చూపుకి అలాగే ఉన్నా బతికున్నవాటి లెక్క మారిపోయి ఉంటుంది.

ఇనాక్యులం (అగార్‌లో కలిపే కల్చర్) ఎంత వెయ్యాలి?

580 నానోమీటర్ల దగ్గర 25 శాతం ట్రాన్స్‌మిటెన్స్ వచ్చేలా స్టాక్ సరిచేసుకుని, అందులోంచి 100 మి.లీ. అగార్‌కి ఎంత వెయ్యాలో టేబుల్ చెబుతుంది. ఆ అంకె మొదటి అంచనా మాత్రమే. దానికి సగం, దానంత, దానికి రెట్టింపు వేసి మూడు ట్రయల్ ప్లేట్లు పొయ్యండి. ఎక్కువ వేస్తే జోన్లు చిన్నవై అంచులు పదునవుతాయి, తక్కువ వేస్తే జోన్లు పెద్దవై అంచులు చెదురుతాయి. మధ్య స్టాండర్డ్‌కి 14–16 మి.మీ. దగ్గర శుభ్రమైన జోన్ ఇచ్చినదాన్ని తీసుకోండి. సీడ్ అగార్ (పైన పోసే పొర) 50 డిగ్రీల లోపు చల్లారాకే కల్చర్ కలపాలి, ముంజేతికి ఆనిస్తే వేడి తెలియాలి గానీ చురుక్కుమనకూడదు.

## ప్లేటు మీద తేడా వచ్చినప్పుడు

జోన్ లోపల చిన్న చిన్న కాలనీలు వస్తున్నాయి, ఏంటవి?

రెండే అవకాశాలు, బయటినుంచి వచ్చిన కంటామినేషన్ లేదా మీ స్ట్రెయిన్‌లోనే మందుకి అలవాటుపడినవి. ఒక కాలనీ తీసి గ్రామ్ స్టెయిన్ చెయ్యండి, మందు లేని ప్లేటు మీద గీయండి. జీవి వేరైతే క్యాబినెట్ సంగతి చూడండి. అదే జీవి అయితే ఆ వర్కింగ్ స్టాక్ మొత్తం పారేసి వెనకటి వయల్ నుంచి మొదలుపెట్టండి, బాగుచేద్దామని చూడకండి. యాంటీబయాటిక్ తూచే బల్ల మీదే కల్చర్ ట్యూబులు పెట్టే అలవాటుందేమో కూడా చూడండి. ఉంటుంది, నేను పందెం కాస్తాను.

జోన్ చుట్టూ రెండు వలయాలు వస్తున్నాయి?

కల్చర్‌లో రెండు రకాల జనాభా ఉన్నట్టు, ఒకటి తొందరగా లొంగేది, ఇంకోటి మొండిది. స్టాక్‌ని ప్లేటు మీద విడదీసి చూస్తే కాలనీల్లో తేడా చాలాసార్లు కంటికే తెలుస్తుంది.

నిన్నటిదాకా బాగున్న జోన్లు ఒక్కసారిగా చిన్నవైపోయాయి, స్ట్రెయిన్ పాడైందా?

స్ట్రెయిన్‌ని తిట్టేముందు మీడియం పీహెచ్ చూడండి. జెంటామైసిన్, నియోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లు క్షారం వైపు ఉంటేనే బాగా పనిచేస్తాయి, అందుకే వాటికి మీడియం నంబర్ 11, పీహెచ్ 8.3 దగ్గర. టెట్రాసైక్లిన్‌ల సంగతి తిరగబడి ఉంటుంది, వాటికి ఆమ్లం వైపు మేలు. మీడియం నంబర్ 1, 11 డబ్బాలు షెల్ఫ్‌లో పక్కపక్కనే ఉంటాయి, పొడి రంగూ ఒకటే, నైట్ షిఫ్ట్‌లో ఏది ఎవరి చేతికి వచ్చిందో ఎవరికి తెలుసు. పీహెచ్ సరిగ్గానే ఉంటే ఇనాక్యులం, ఆ తర్వాత స్టాండర్డ్ సొల్యూషన్ వయసు, ఆఖరున స్ట్రెయిన్.

మాల్డీ‌టాఫ్‌లో ఆరియస్ అని మంచి స్కోర్ వచ్చింది, ఇక 29737 అని రాసుకోవచ్చా?

రాసుకోకూడదు. ఆ మెషీన్ ఊరు (జాతి) చెబుతుంది, ఇంటి నంబరు (స్ట్రెయిన్) చెప్పదు. ఇది 29737 అని చెప్పేది ఆంపూల్ నుంచి మీ స్లాంట్ దాకా తెగకుండా ఉన్న కాగితాలు: సర్టిఫికెట్, లాట్ నంబరు, విప్పిన తేదీ, పాసేజీ, సంతకం.

మోనోగ్రాఫ్‌లోని స్ట్రెయిన్ దొరకడం లేదు, వేరేది వాడొచ్చా?

వాడొచ్చు, ఊరికే మాత్రం కాదు. పాతదీ కొత్తదీ ఒకే శాంపిళ్ల మీద, ఒకే రోజు, వేర్వేరు అనలిస్టులతో నడిపి స్లోప్, స్టాండర్డ్‌కీ శాంపిల్‌కీ గీతలు సమాంతరంగా ఉండటం, వచ్చిన పొటెన్సీ అన్నీ పోల్చాలి. గీతలు సమాంతరంగా లేకపోతే అక్కడితో ఆపేయండి, ఆ స్ట్రెయిన్ మీ స్టాండర్డ్‌నీ శాంపిల్‌నీ రెండు వేర్వేరు మందుల్లా చూస్తోంది. పాతది ఒక్క వయల్ కూడా లేకుండా ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువ. ఆఖరి వయల్ మిగిలి ఉండగానే కొత్తది ఆర్డర్ పెట్టండి, దిగుమతి కాగితాలకి వారాలు పడుతుంది.

పాత స్లాంట్లు సింక్‌లో కడిగేయొచ్చా?

అయ్యో, వద్దు. 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి, రిజిస్టర్‌లో ఎన్ని ట్యూబులో రాసి, అప్పుడు కడగండి.